చిగురు – చక్కెర : వైద్యులకు తెలిసి మనకు చేరని సంగతి

నల్లగొండ జిల్లాలో పండ్ల మాట ఎత్తితే ఎవరైనా సరే ముందుగా నీళ్ళ మాట ఎత్తుతారు. "మా నీళ్ళే అటువంటివి" అని ఒక నిట్టూర్పు విడిచి ఊరుకోవడం మనకు తాతల నాటి అలవాటు. మన కేతేపల్లి జాతీయ రహదారి మీద నకిరేకల్లుకూ సూర్యాపేటకూ నడుమనున్న ఊరు. ఫ్లోరైడు పేరు మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం వైపు వినబడినంతగా ఇటు వినబడకపోయినా, బదిలీల మీద జిల్లా అంతా తిరిగి రిటైరైన మనబోటి వాళ్ళకు ఆ నిట్టూర్పు బాగా పరిచయమే. పన్ను పచ్చబడితే నీళ్ళు, పన్ను గుల్లబారితే నీళ్ళు, యాభై అయిదో ఏట పన్ను కదిలి ఊడితే అదీ నీళ్ళే.

ఈ చివరి మాట దగ్గరే నాకు పేచీ. అట్లా కదిలి ఊడిన పన్నుకు చాలా సందర్భాల్లో నీళ్ళతో పనిలేదు, చిగురుతో పని. ఆ చిగురుకు మన ఒంట్లోని చక్కెరతో పని. చక్కెర వ్యాధి చిగురును చెడగొడుతుంది. చెడిన చిగురు తిరిగి చక్కెరను పెంచుతుంది. ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. ఇంత పాత సంగతి, ఇన్ని పరిశోధనలు జరిగిన సంగతి, రోజూ షుగర్ మాత్ర మింగే పెన్షనరుకు ఎందుకు తెలియకుండా పోయింది అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది. (మన వైపు పండ్లు అంటే తినే పండ్లూ, వాటిని కొరికే పండ్లూ రెండూను. ఇక్కడ రెండవ వాటిని గూర్చి అని పాఠక మిత్రులు గమనించగలరు.)

ముందు నీళ్ళ సంగతి తేల్చుకుందాం. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని గూర్చి మొదట వైద్య పత్రికల్లో వ్రాసింది 1937లో. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో వంగిన వెన్నులనూ, మరకలు పడ్డ పండ్లనూ షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ పరిశీలించి, కారణం బావి నీళ్ళలోని ఫ్లోరైడు అని తేల్చారు. మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది 1955లో. ఆ ఏడు ఎ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. తరువాత నాగపూరులోని నీరి సంస్థ వారు పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. ఆఫ్రికాలోని కొన్ని దేశాల్లో కూడా ఆ పేరే వాడుకలో ఉంది. మన జిల్లా పేరు పైదేశాల పుస్తకాలకు ఎక్కింది ఇట్లాంటి కారణం చేత.

1996 పార్లమెంటు ఎన్నికలు మన సభ్యుల్లో ఎవరూ మరచిపోయి ఉండరు. నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించాలని వందల మంది నామినేషన్లు వేయగా, నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. పోలింగు వాయిదా పడింది. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమంత అయింది. ఆ డ్యూటీ చేసిన వాళ్ళు నేటికీ ఆ కథ చెబుతూనే ఉంటారు. 2015లో తాగునీటి పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ వేయడం వరకూ సాగిన పోరాటం అది. అందులో ఒక్క అక్షరం కూడా తప్పుపట్టవలసింది లేదు.

కాని ఆ పోరాటం మన కంటికి ఒక అలవాటు నేర్పింది. నోరు తెరిస్తే మనం పన్ను రంగు చూస్తాం, పన్ను మొదలు చూడం. ఫ్లోరైడు మరక పడేది పసితనంలో, చిగురు లోపల శాశ్వత దంతం తయారవుతున్న కాలంలో. దాదాపు ఎనిమిదేండ్ల లోపు. పెద్దయిన తరువాత ఎన్ని నీళ్ళు తాగినా పంటి మీద కొత్త మరక పడదు (ఎముకలకు చేసే చెరుపు వేరే సంగతి). చిగుళ్ళ వ్యాధి దీనికి పూర్తిగా తలకిందులు. అది పంటిపైన కాక, పంటిని పట్టి ఉంచే చిగురునూ, దాని కింది ఎముకనూ తింటుంది. నడివయసు తరువాత ముదురుతుంది. పన్ను ముత్యంలా తెల్లగా ఉన్నా ఊడగొడుతుంది. ఈ రెండింటినీ ఒకే గాట కట్టివేయడం వలన రెండవదానికి మన జిల్లాలో పేరే లేకుండా పోయింది. పేరు లేని రోగాన్ని ఎవరు చూపించుకుంటారు?

మన పూర్వ వైద్యులకు మాత్రం దానికి పేరుంది, ఒకటి కాదు పదిహేను. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో నోటి రోగాలు అరవై అయిదని లెక్క చెప్పి, అందులో దంతమూలానికి, అనగా చిగురుకు, సంబంధించినవి పదిహేనని వేరుచేశారు. వాటిలో దంతవేష్టమనే దానికి చెప్పిన లక్షణాలు చిగురు నుండి చీము, నెత్తురు కారడం, పండ్లు కదలడం. నేడు దంతవైద్యుడు చెప్పేవి కూడా అవే. అదే నిదాన స్థానంలో ప్రమేహాన్ని గూర్చిన అధ్యాయం ఇంకా ఆశ్చర్యకరమైనది. రోగం పూర్తిగా బయటపడక ముందు కనిపించే గుర్తులను చెబుతూ అరిచేతులూ అరికాళ్ళూ మండటం, మూత్రం తియ్యబడటం, దప్పిక, బద్ధకం అనే వాటితోపాటు ఊపిరి దుర్గంధం, దవడ పైభాగమందూ గొంతులోనూ నాలుక మీదా పండ్ల మీదా మలినం పేరుకోవడం అని కూడా చేర్చారు. చరక సంహితలో మూత్రానికి చీమలు పట్టే సంగతి ఉన్నదని మనకందరికీ తెలుసు. చిన్నప్పుడు పెద్దల నోట విన్నదే. పండ్ల మీది పాచిని కూడా ఆ వరుసలోనే పెట్టారన్నది చాలామందికి తెలియదు.

దీన్ని పట్టుకొని అన్నీ మన గ్రంథాల్లోనే ఉన్నాయిష అని చంకలు గుద్దుకోవలసిన పనిలేదు. చిగుళ్ళ రోగం వలన ప్రమేహం ముదురుతుందని సుశ్రుతుడు అక్కడ చెప్పలేదు. నోరు, మూత్రం ఒకే రోగి ఒంట్లో ఉన్నవి కనుక ఒకే చోట చూసి వ్రాశాడు, అంతే. ఆ 'అంతే' అన్నది ఎంత విలువైనదో తరువాతి చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ఆధునిక వైద్యంలో నోరు మొదటి నుండీ వేరు కాపురమే. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో జాన్ రిగ్స్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. 1844లో నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్పించి నొప్పి లేకుండా పన్ను పీకిన మొదటి ఘట్టంలో పీకిన చెయ్యి ఆయనదే. కాని ఆయన పేరు నిలిచింది పీకడం వలన కాదు, పీకవద్దన్నందుకు. చీము కారే చిగుళ్ళకు మందు పన్ను తీసివేయడం కాదు, పంటి మొదట్లో పట్టిన గారను శుభ్రంగా గీకివేయడమని 1870ల నాటికే ఆయన వాదించాడు. అందుచేత ఆ రోగాన్ని చాలాకాలం 'రిగ్స్ వ్యాధి' అన్నారు. తరువాత 'పయోరియా' అన్నారు. మన తరం వారికి పయోరియా అన్న మాట పాత పత్రికల్లోని పండ్లపొడి ప్రకటనల ద్వారా పరిచయం. ఫోర్హాన్స్ పేస్టు వారు చిగుళ్ళను గూర్చి చేసిన ప్రచారం కూడా గుర్తుండే ఉంటుంది. అప్పట్లో అది పట్నం వారి పేస్టు. మన ఊళ్ళల్లో యాపపుల్ల, కానుగ పుల్ల, ఉత్తరేణి వేరు, పిడక కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు. పుల్లతో తోమడం చెడ్డదేమీ కాదు. మెత్తగా నమిలి, చిగురు కొసన తిప్పితే పాచి పోతుంది. బొగ్గు, ఇటుకపొడి గరుకుగా రుద్దితే మాత్రం పన్ను అరుగుతుంది, చిగురు కిందికి జారుతుంది.

ఇక ఈ చరిత్రలో పెద్ద దెబ్బ 1910లో తగిలింది. విలియం హంటర్ అనే లండన్ వైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఉపన్యసిస్తూ, కుళ్ళిన పండ్లూ, వాటిపైన కట్టిన బంగారపు తొడుగులూ ఒళ్ళంతటి రోగాలకూ మూలమన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ మాట పట్టుకొని పైదేశాల వైద్యులు పాతిక ముప్పయి ఏండ్లపాటు కీళ్ళనొప్పికీ, తలనొప్పికీ, మతిభ్రమణానికి కూడా ఉన్న పండ్లన్నీ పీకివేశారు. లక్షల మంది బోసినోళ్ళతో మిగిలారు, రోగాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. 1930ల చివరికి ఆ వెర్రి అణగింది. అణగి, తనతోపాటు అసలు మాటను కూడా తీసుకుపోయింది. నోటికీ ఒంటికీ సంబంధమంటే చాలు, పాత వెర్రి మళ్ళీ మొదలైందని పెద్ద వైద్యులు ముఖం తిప్పుకోవడం దాదాపు యాభై ఏండ్లు సాగింది. నన్నడిగితే చిగురు – చక్కెర సంగతి మనదాకా రాకపోవడానికి మొదటి కారణం ఇదే. అబద్ధం కంటే అతి ఎక్కువ చెరుపు చేస్తుందనడానికి వైద్య చరిత్రలో ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

రెండవ కారణం చదువులు వేరుపడటం. 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో మన దేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించారు. 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది. దంతవైద్యానికి గౌరవమూ, క్రమమూ ఆ చట్టంతోనే వచ్చాయి. కాని కళాశాల వేరు, కౌన్సిలు వేరు, దవాఖాన వేరు, చీటీ వేరు అయినాయి. షుగర్ డాక్టరు నోరు తెరిచి చూడడు, పండ్ల డాక్టరు మూత్రం సంగతి అడగడు అన్న పరిస్థితి అట్లా స్థిరపడింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఎవరి పుస్తకంలో ఉన్నది వారు చూశారు. సుశ్రుతుడికి పుస్తకం ఒక్కటే.

ఈ నడుమ 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేయడం, 1922 జనవరిలో పద్నాలుగేండ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది ఇవ్వడం జరిగింది. అంతకు ముందు మూడు నాలుగేండ్లలో పోయే రోగులు ముప్పయి నలభై ఏండ్లు బతకసాగారు. బతికిన కొద్దీ కొత్త చిక్కులు బయటపడ్డాయి. కండ్లు, మూత్రపిండాలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు. ఈ అయిదింటినీ వైద్యులు పంచపాండవుల్లా లెక్కపెట్టుకున్నారు.

ఆరవదాన్ని చేర్చిన వాడు హెరాల్డ్ లో అనే నార్వే దేశపు దంత శాస్త్రవేత్త. ఆయన 1965లో డెన్మార్క్‌లో చేసిన ప్రయోగం ఎంత తేలికైనదో అంత గొప్పది. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని, అందులో తొమ్మండుగురు దంతవైద్య విద్యార్థులే, పండ్లు తోముకోవడం మానిపించాడు. పది రోజుల నుండి మూడు వారాల లోపల ప్రతి ఒక్కరికీ చిగుళ్ళు వాచి నెత్తురు వచ్చింది. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో సర్దుకుంది. పాచి వలననే చిగుళ్ళ వాపు అన్నది అక్కడితో రుజువైంది. ఆయనే 1993లో 'డయాబెటిస్ కేర్' పత్రికలో వ్రాస్తూ, చిగుళ్ళ వ్యాధి చక్కెర వ్యాధి వలన కలిగే ఆరవ ఉపద్రవమని పేరు పెట్టాడు.

ఆ పేరు వెనుక అమెరికాలోని ఎరిజోనా ఎడారిలో, గీలా నది ఒడ్డున నివసించే పీమా తెగవారి కథ ఉంది. వారి తాతలు నదినీటితో సేద్యం చేసుకొని, తమ పంట తాము తిని బతికినవారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఎగువన స్థిరపడిన తెల్లవారు నీళ్ళు మళ్ళించుకుపోయారు. పంటలు పోయి సర్కారు ఇచ్చే పిండీ కొవ్వూ దిక్కయినాయి. ఇరవయ్యో శతాబ్దం నడుమకు ప్రపంచంలోకెల్లా చక్కెర వ్యాధి అత్యధికంగా ఉన్న జనాల్లో వారొకరైనారు. 1965 నుండి దశాబ్దాల తరబడి వైద్యులు వారిని పరీక్షిస్తూ వచ్చారు. 1990 ప్రాంతంలో తేలిందేమంటే, చక్కెర వ్యాధి ఉన్నవారికి చిగుళ్ళ వ్యాధి వచ్చే అవకాశం లేనివారికంటె దాదాపు మూడు రెట్లు. 1996లో మరొక సంగతి బయటపడింది. మొదట్లో చిగుళ్ళు బాగా చెడి ఉన్నవారికే తరువాతి ఏండ్లలో షుగర్ అదుపు తప్పడం ఎక్కువగా కనబడింది. అంటే దారి ఒకవైపు కాదు, రెండువైపులా.

వారి చిగుళ్ళ చికిత్సలో వాడి చూసిన మందుల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబానికి పెద్దకొడుకు ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో, డగ్గర్ అనే శాస్త్రజ్ఞుని చేతుల మీదుగా వెలువడి, 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు గారు ఆ ఏడే కన్నుమూశారు. (ఇదే టెట్రాసైక్లిన్‌ను పసిపిల్లలకు వాడితే పండ్ల మీద శాశ్వతంగా మరకలు పడతాయి. మన జిల్లాలో ఆ మరకను కూడా నీళ్ళ ఖాతాలోనే వ్రాసి ఉంటారు.)

ఇంతకూ చిగురుకూ చక్కెరకూ ఈ రాకపోకలు ఎట్లా జరుగుతాయి? మన ఇంటి భాషలోనే చెప్పుకోవచ్చు. పంటికీ చిగురుకూ నడుమ ఒక సన్నని సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని లోతు ఒకటి నుండి మూడు మిల్లీమీటర్లు. అందులో పాచి చేరుతుంది. పాచి అంటే తిన్న మెతుకు కాదు, లక్షోపలక్షల సూక్ష్మజీవుల పొర. తీయకపోతే ఉమ్మిలోని సున్నం దానికి పట్టి గార అవుతుంది. చిగురు వాచి, పంటి నుండి విడిపోయి, సందు కాస్తా సంచి అవుతుంది. ఆ సంచి లోపలి గోడ అంతా పచ్చిపుండు. ముదిరిన రోగిలో ఆ పుండునంతా పరచి కొలిస్తే 8 నుండి 20 చదరపు సెంటీమీటర్ల వరకూ ఉంటుందని లెక్కగట్టారు. అంత పుండు కాలిమీద ఉంటే ఇంటిల్లిపాదీ గాభరాపడి సూర్యాపేటకు బండి కట్టిస్తారు. నోట్లో కనుకనూ, నొప్పి లేదు కనుకనూ, ఉమ్మిలో కాసింత ఎరుపు కనబడినా "వేడి చేసింది" అని ఊరుకుంటారు.

ఆ పుండుతో ఒళ్ళు రాత్రింబగళ్ళు పోరాడుతుంది. ఆ పోరులో పుట్టే రసాయనాలు నెత్తురులో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. ఇన్సులిన్ పని చేయకపోతే చక్కెర పెరుగుతుంది. చక్కెర పెరిగితే తెల్లకణాలు మందగిస్తాయి, చిన్న రక్తనాళాలు చెడతాయి, నోరు ఎండుతుంది, పుండు మానదు, చిగురు ఇంకా చెడుతుంది. గానుగెద్దు తిరిగినట్టు ఇది తిరుగుతూనే ఉంటుంది.

పెన్షనర్లు కలిసిన చోట వినబడే మాటలివి: "ఏం సారూ, షుగర్ ఎట్లున్నది?" "ఏం జెప్పమంటవన్నా, గోలీలు పెంచిన్రు, అన్నం తగ్గించిన, నడుస్తున్న. అయినా దిగుతలేదు." "కండ్లు చూపించినవా?" "చూపించిన. కిడ్నీలు గూడ మంచిగనే ఉన్నయన్నరు." ఇక్కడితో ఆగిపోతుంది. పండ్ల సంగతి ఏమిటని అడిగినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. అడిగించుకున్న ఆయన మాత్రం మాట్లాడుతున్నంతసేపూ ఒకవైపు దవడతోనే నములుతుంటాడు.

ఇది మన వైపే కాదు. ఇంగ్లండులో చక్కెర రోగులను అడిగి చూసినప్పుడు కూడా, షుగర్ ఉన్నవాళ్ళు పండ్లు ఎట్లా కాపాడుకోవాలో తమకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదని మూడింట రెండు వంతుల మంది అన్నారు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2009లోనే నోటి ఆరోగ్యంపై ప్రత్యేక సూచనలు వెలువరించి, రోగిని ఏటా చిగుళ్ళ సంగతి అడగమని వైద్యులకు చెప్పింది. 2018లో ఆ సమాఖ్యా, ఐరోపా చిగుళ్ళ వైద్యుల సమాఖ్యా కలిసి ఉమ్మడి ప్రకటన చేశాయి. అదే ఏడు వెలువడిన చిగుళ్ళ వ్యాధుల కొత్త వర్గీకరణలో రోగి హెచ్‌బీఏ1సీ ఎంత అన్నదాన్ని కూడా చేర్చారు. అది 7 లేక అంతకు మించి ఉంటే రోగం వేగంగా ముదిరే తరగతిలో వేస్తారు. దంతవైద్యుని పుస్తకంలోకి మూడు నెలల సగటు చక్కెర లెక్క ఎక్కిందన్నమాట. విడిపోయిన రెండు కాపురాలు కాగితం మీద కలిశాయి.

అయితే చిగుళ్ళు బాగుచేయిస్తే షుగర్ నిజంగా దిగుతుందా? ఇక్కడ తూకం తప్పగూడదు, హంటర్ కాలపు కథ ఒకసారి చూశాం. 2013లో అమెరికాలో 514 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో ఏమీ దిగలేదు. ఆ చికిత్స సరిపడా జరగలేదని కొందరు, జరిగిందని కొందరు గట్టిగానే తగువులాడుకున్నారు. 2018లో లండన్‌లో 264 మందిని ఏడాదిపాటు చూసిన పరీక్షలో, పూర్తి చికిత్స పొందినవారి హెచ్‌బీఏ1సీ పైపై శుభ్రం మాత్రమే చేయించుకున్న వారికంటె 0.6 తక్కువగా ఉన్నట్లు తేలింది. 2022లో 35 పరీక్షలను ఒకచోట చేర్చి కాక్రేన్ సంస్థ వారు లెక్కవేస్తే మూడు నాలుగు నెలలకు 0.43, ఆరు నెలలకు 0.30, ఏడాదికి 0.50 తగ్గుదల కనిపించింది. అంటే ఎనిమిదిన్నర ఉన్నవారికి ఎనిమిది దాకా రావచ్చు. ఇది చిన్న లెక్కలా కనబడుతుంది గాని, మరొక మాత్ర చేర్చితే దిగేది కూడా ఇంచుమించు ఇంతే. ఆ మాత్ర బతికినన్నాళ్ళూ మింగాలి. చిగుళ్ళ శుభ్రత అట్లా కాదు, అయితే అదీ ఒక్కసారితో తీరేది కాదు. పండ్లు శుభ్రం చేయించుకున్నాం కదా అని షుగర్ మాత్ర మానేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

మన ప్రాంతంలో ఈ సంగతి ఇప్పుడు ఎందుకు అవసరమైందో వేరే చెప్పనక్కరలేదు. మన చిన్నతనంలో ఇంట్లో జొన్నరొట్టె, గటుక. వరి అన్నం పండుగ నాడు. 1963లో సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు పూర్తి కావడం, 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదలడం, 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం రావడం, ఇవి ఆకలి తీర్చిన మంచి పనులే. వాటితోపాటు రెండు పూటలా తెల్లన్నమూ, కుర్చీ ఉద్యోగాలూ, చక్కెర చాయలూ వచ్చాయి. ఒక్క అన్నమే దోషి అని నేననను. 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో చక్కెర రోగులు 10 కోట్ల పైమాటే. గీలా నది ఒడ్డున నీళ్ళు పోయి వచ్చిన రోగం మూసీ ఒడ్డున నీళ్ళు వచ్చిన తరువాత వచ్చింది. తిండి మారడం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

దవాఖానలు లేవని కూడా అనలేం. నార్కట్‌పల్లిలో దంతవైద్య కళాశాల ఉంది. 2019లో నల్లగొండలోనూ సూర్యాపేటలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి. ముప్పయి ఏండ్లు దాటిన వారికి ఊళ్ళోనే బీపీ, షుగర్ చూసే కార్యక్రమంలో నోరు తెరిపించి చూడటం కూడా ఉంది. అయితే అది కేన్సరు మచ్చ కోసం. నోరు తెరిచినప్పుడు చిగురు కూడా కళ్ళ ముందే ఉంటుంది, చూడమని కాగితంలో లేదు గనుక చూడరు. ఆఫీసుల్లో ముప్పయి ఏండ్లు కాలం గడిపిన మనకు కాగితంలో లేని పని ఎందుకు జరగదో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక మన నమ్మకాల సంగతి. "పండ్లు గీకిస్తే కదులుతాయి" అనే మాట ప్రతి ఊళ్ళోనూ ఉంది. నిజానికి ముందే కదిలిన పండ్లను గార సిమెంటులా పట్టి ఉంచుతుంది. అది తీయగానే దాగి ఉన్న కదలిక, సందులు బయటపడతాయి. కొద్ది వారాల్లో వాపు తగ్గి చిగురు బిగుస్తుంది. "షుగర్ ఉంటే పన్ను ముట్టించుకోగూడదు" అనేది రెండవ మాట. షుగర్ అదుపులో లేనప్పుడు పన్ను పీకితే పుండు ఆలస్యంగా మానుతుందన్నది నిజమే. కాని ఆ భయంతో చీము కారే చిగురుతో ఏండ్లు గడిపితే ఆ షుగర్ అదుపులోకి ఎట్లా వస్తుంది? మూడవది బీడీ. బీడీ, సిగరెట్టు తాగేవారి చిగుళ్ళలో నెత్తురు తక్కువగా కనబడుతుంది, అందుచేత తమ చిగుళ్ళు గట్టివని వారు అనుకుంటారు. పొగ నెత్తురును దాచిపెడుతుంది, రోగాన్ని కాదు. లోపల ఎముక ఇతరులకంటె వేగంగా కరిగిపోతుంది.

దంతవైద్యుని దగ్గరకు వెళ్ళదలచిన మిత్రులు పొద్దుటిపూట, టిఫిను తిని, మాత్రో సూదో ఎప్పటిలాగే వేసుకొని వెళ్ళవలెను. పరగడుపున వెళితే కుర్చీలోనే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. జేబులో రెండు చాక్లెట్లో కాసింత చక్కెరో ఉంచుకోవడం మంచిది. హెచ్‌బీఏ1సీ రిపోర్టూ, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకుపోయి చూపించాలి. గుండెకని ఆస్పిరిన్ వంటి నెత్తురు పలచబరిచే మాత్ర వాడేవారు ఆ మాట ముందే చెప్పాలి, అయితే తమంతట తాము ఆ మాత్ర ఆపగూడదు. చిగుళ్ళ సంచుల లోతు కొలవమని నోరు తెరిచి అడగాలి; దానికి ఒక సన్నని పుల్లలాంటి పనిముట్టు ఉంటుంది, అయిదు నిమిషాల పని. తరువాత షుగర్ డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు, చిగుళ్ళకు చికిత్స జరిగిన సంగతి ఆయనకు చెప్పాలి. ఆ ఇద్దరికీ నడుమ కబురు మోసే మనిషి ఇప్పటికి రోగి ఒక్కడే.

పండ్లన్నీ పోయి కట్టుడు పండ్లు పెట్టుకున్నవారికి ఈ గొడవ తీరినట్టే అనిపిస్తుంది. వారికి చిగుళ్ళ సంచులు ఉండవు, నిజమే. కాని షుగర్ ఉన్న నోటిలో కట్టుడు పండ్ల కింద బూజు తెగులు త్వరగా పడుతుంది. ఎర్రగా మంట పుడుతుంది. రాత్రిపూట వాటిని తీసి, తోమి, శుభ్రమైన నీళ్ళలో వేసి ఉంచవలెను. ఆ పూటకు అంగుడినీ చిగుళ్ళనూ మెత్తని బట్టతో తుడిచి పడుకోవలెను.